పదేళ్ళు దాటిన పోర్టుని మర్యాదగా వదిలీడం ఎలాగ?

పర్లాకిమిడి_పాతకాపు
2014లో ఒక ఆదివారం పూట సరదాకి ఫ్రీబీఎస్‌డీ అనీ ఆపరేటింగ్ సిస్టంలో ఒక పోర్టు పెట్టేను, అంటే ఒక ప్రోగ్రాంని దాంట్లో ఎక్కించీ వంటచీటీ. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన తెలుగు ఫైళ్ళని యూనికోడ్‌లోకి మార్చే చిన్న సీ ప్రోగ్రాం. మా చిన్నాన్నకి ఇక్కడ ప్రెస్సుండేది, ఆయన కోసమే. మేక్‌ఫైలు (బిల్డు సూచనల ఫైలు) ముప్పై లైన్లు. సాయంత్రం టీ తాగీలోపు అయిపోయింది.

అప్పట్నించి ఆ ప్రోగ్రాం రాసినాయన కొత్తగా వదిలింది రెండంటే రెండు వెర్షన్లు. నాను పంపిన మార్పులు పద్నాలుగు. నిన్న కూచుని లెక్కెట్టేను. 2016 జనవరిలో సోర్సులు దాచీ సైటు గూగుల్ కోడ్ మూతపడితే టార్‌బాల్ (సోర్సు మూట) ఎక్కడ్నించి దించాలో మార్చేను. 2020 జనవరి 1తో పైథాన్ 2 కథ అయిపోయింది, పరీక్షల స్క్రిప్టు దాంట్లోనే ఉండీది, మొత్తం తిరగరాసేను. అదే ఏడు క్లాంగ్ కంపైలర్ 11 వచ్చి, రెండు ఫైళ్ళలో ఒకే గ్లోబల్ వేరియబుల్ ఉంటే లింకు చెయ్యనంది. 2021లో పోర్టులన్నీ ఉండీ చెట్టంతా సబ్‌వెర్షన్ అనీ మార్పుల చిట్టా నించి గిట్ అనీ ఇంకో చిట్టాకి పోయింది. 2023లో క్లాంగ్ 16. ముందుగా డిక్లేర్ చెయ్యని ఫంక్షన్‌ని పిలిస్తే అదివరకు సణిగి ఊరుకునీది, ఇప్పుడు ఎర్రరు. పోగ్రాంలో ఒక్క ఫీచరూ పెరగలేదు, నా జుత్తు మాత్రం నెరిసింది.

ఇప్పుడు మళ్ళీ ఒక బగ్గొచ్చింది. ఒకే లైను: "ఆర్మ్ మిషను మీద చెత్తొస్తోంది." నా దగ్గర ఆర్మ్ ప్రాసెసరున్న మిషనే లేదు. చిన్నాన్న పోయి ఆరేళ్ళయింది, ప్రెస్సూ లేదు. ఇంక నా వల్ల కాదు. చెప్పాపెట్టకుండా మానీడమా, లేపోతే దీనికో పద్ధతుందా?

బరంపురం_పట్టు
ఏం చెయ్యక్కర్లేదు గురూ. రెండు వారాలు జవాబివ్వకపో, ఆ తరవాత ఏ కమిటరైనా (చెట్టులో మార్పులు ఎక్కించే హక్కున్నవాడు) నిన్నడక్కుండా ప్యాచ్ (దిద్దుబాటు) వేసేయొచ్చు. మూడు నెలలు కిక్కురుమనకపోతే మెయింటైనర్ లైన్లోంచి నీ పేరే తీసేస్తారు. రూలు నీ పక్షానే ఉంది.

ధర్మాబాద్_మిర్చి
గదేం సలహా పట్టన్నా. మూడు నెలలు సప్పుడు చెయ్యకుంటే ఆ మూడు నెలలు వాడెటోళ్ళ గతేంది? మెయింటైనర్ ఉన్నడనుకొని ఇంకొకడు ముట్టడు. ఖాళీ కుర్చీ కన్నా తువ్వాల వేసిన కుర్చీతోనే పరేషాన్.

పాతకాపన్నా, నువ్వే బగ్‌జిల్లాల, గదే బగ్గులు రాసే సైట్ల, ఒక టికెట్ ఏసి, మెయింటైనర్ లైన్ల నీ అడ్రసు తీసి పోర్ట్స్ లిస్టు అడ్రసు పెట్టిన ప్యాచ్ జోడించు. ఐదు నిమిషాల పని. ఎవరన్న ఏమన్న అనుకుంటరని భయం వద్దు, రోజూ ఎవరో ఒకరు చేస్తనే ఉంటరు.

గుణుపురం_గార్డు
చదువుతున్నానుగానీ సగం అర్థం కాలేదు. మెయింటైనర్ అంటే ఆ ప్రోగ్రాం రాసినోడు కాడా?

పర్లాకిమిడి_పాతకాపు
కాదు బావూ. రాసినోడు వేరు, వాణ్ణి అప్‌స్ట్రీమ్ అంటాం. వాడు సోర్సు బయట పడేస్తాడు. దాన్ని ఎక్కడ్నించి దించాలి, సరైన ఫైలేనని ఎలాగ పోల్చుకోవాలి, వేటి మీద ఆధారపడుతుంది, ఏ ఫైలు ఎక్కడికి పోవాలి, మన సిస్టంకి తగ్గట్టు ఏం దిద్దాలి, ఇవన్నీ రాసిపెట్టీవాడు మెయింటైనర్. నువ్వు ఒక్క కమాండు కొడితే ఎక్కుతాది చూడు, దాని వెనకాలుండీ గుమస్తా. ఎక్కడన్నా బిల్డు బద్దలైతే ఫాల్‌అవుట్ అని ఉత్తరం కూడా ఈ గుమస్తాకే వస్తాది.

గుణుపురం_గార్డు
అర్థమైంది. బండి నడిపేది డ్రైవరు, తిట్లు గార్డుకి.

రాయగడ_రాత్రిపాళీ
నేను రెండు పోర్టులు చూస్తాను. పాతకాపు బాధ నాకు తెలుసు. పైకి కనపడని పని ఇది. మొన్న వానాకాలంలో పూడ్రియేర్ అనే బిల్డు పరికరంతో రాత్రంతా పరీక్ష బిల్డు పెట్టుకున్నాను, రెండు గంటలకి కరెంటు పోయింది, ఇన్వర్టరు నలభై నిమిషాలు లాగి చేతులెత్తేసింది. అప్పటిదాకా అయిన ప్యాకేజీలు ఉంటాయి కాబట్టి పొద్దున్న మొదటికి రాలేదు. కానీ ఎల్ఎల్‌వీఎం అనే భారీ కంపైలర్ ప్యాకేజీ సగంలో ఉంది. అది మాత్రం మళ్ళీ మొదట్నించి. నా పోర్టు అరనిమిషంలో అయిపోతుంది, దాని కోసం కావలసినవి ఆరు గంటలు.

సిరొంచ_గట్టు
మీకు కరెంటు బాధ, మాకు నెట్టు బాధ. ఒక్కోపారి ఫోను గోదారి అవతలి టవరు పడుతది, ఒక్కోపారి అదీ లేదు. 2023 జనవరి ఆఖర్ల నేనొక ప్యాకేజీ కోసం టార్‌బాల్ దించిన. చెక్‌సమ్, అంటే ఫైలు సరైందేనా చూసే లెక్క, తప్పన్నది. నెట్టు సగంల తెగిందేమో అని మళ్ళ దించిన. మళ్ళ తప్పే. నాలుగు సార్లు దించి డాటా ప్యాక్ ఖతం చేస్కున్న. తెల్లారి తెలిసింది, గిట్‌హబ్‌ల గిట్ కొత్త వెర్షన్ పెట్టిర్రట, జిప్పు చేసే తీరు మారి, లోపటి ఫైళ్ళు అవే ఉన్నా టార్‌బాల్ బైట్లు మారినయట. లోకం మొత్తం లొల్లి చేస్తే అదే రోజు వెనుకకు తీసుకున్నరు. నా డాటా ప్యాక్ ఎవరిస్తరు?

బరంపురం_పట్టు
గట్టన్నా, అందుకే తనంత తాను తయారయ్యే టార్‌బాల్ వాడకూడదని పెద్దలు చెప్తారు. అప్‌స్ట్రీమ్ చేత్తో కట్టి పెట్టిన విడుదల ఫైలు ఉంటే అదే వాడాలి.

రాయగడ_రాత్రిపాళీ
ఆ చేత్తో కట్టిన ఫైల్లోనే, ఎక్స్‌జెడ్ అనే ఫైళ్ళు కుదించే ప్రోగ్రాంలో, దొంగతనం జరిగింది కదా పట్టూ. గిట్‌లో లేని లైను టార్‌బాల్లో ఉంది.

బరంపురం_పట్టు
ఔన్లే. ఇంక ఏం వాడమంటావు, తాటాకు గ్రంథమా?

కొరాపుట్_కాఫీ
నేను మామూలుగా చదివి ఊరుకునేదాన్ని, రాయను. ఇప్పుడు రాయక తప్పడం లేదు. పాతకాపు గారూ, ఆ ఒక్క లైను బగ్గు పెట్టింది మా అబ్బాయి. నేను చెబితే పెట్టాడు. ఒక్క లైనేనా రాశావు వెధవా అని ఇప్పుడే తిట్టాను.

మాది పెళ్ళికార్డుల దుకాణం. ఒకే కార్డు మీద తెలుగూ ఒడియా రెండూ కావాలి ఇక్కడ, మగపెళ్ళివారు ఒకటి చదివితే ఆడపెళ్ళివారు ఇంకోటి చదువుతారు. 2003 నుంచి పేజ్‌మేకర్‌లో కొట్టిన ఫైళ్ళు మూడు బీరువాల డిస్కుల్లో ఉన్నాయి. అక్క కార్డు మాటలే చెల్లెలి కార్డుకీ కావాలంటారు, తీసి ఇవ్వాలి. మీ ప్రోగ్రాంతోనే మారుస్తున్నాను. పాత కంప్యూటరు పోయాక మా వాడు రాస్‌ప్‌బెర్రీ పై 4 అనే చిన్న ఆర్మ్ బోర్డు మీద ఫ్రీబీఎస్‌డీ ఎక్కించి ఇచ్చాడు. అప్పట్నుంచి ఇంగ్లీషు ముక్కలూ అంకెలూ సరిగ్గా వస్తాయి, తెలుగంతా ప్రశ్నార్థకాల డబ్బాలు. కమాండు మాత్రం ఏ తప్పూ చూపదు, బుద్ధిగా పూర్తవుతుంది. వదిలెయ్యకండి బాబూ.

రాయగడ_రాత్రిపాళీ
అక్కా, ఇంగ్లీషు సరిగ్గా వచ్చి తెలుగు పోయిందా? బిల్డు అయింది, ఎర్రర్ లేదు, పాత ఇంటెల్ మిషను మీద బాగుండేది. అంతేనా?

కొరాపుట్_కాఫీ
అంతే నాయనా.

రాయగడ_రాత్రిపాళీ
దొరికింది. సోర్సు తెరిచి చూశాను.

ఆ పాత ఫాంట్లు తెలుగు గుణింతపు ముక్కల్ని 128 నుంచి 255 దాకా ఉండే కోడ్లలో కూర్చాయి. 127 లోపు మామూలు ఇంగ్లీషు. రాసినాయన ఒక్కో బైటూ చార్ అనే రకంలోకి తీసుకుని, అది సున్నా కన్నా తక్కువైతే 256 కలిపి పట్టికలో వెతుకుతున్నాడు. ఇంటెల్ మీద చార్‌కి ప్లస్-మైనస్ గుర్తు ఉంటుంది, మైనస్ 128 నుంచి 127 దాకా. కాబట్టి 200 అనే బైటు మైనస్ 56గా కనపడుతుంది, 256 కలిపితే మళ్ళీ 200, పట్టికలో దొరుకుతుంది. అంతా సుఖం. ఆర్మ్ మీద ఫ్రీబీఎస్‌డీలో, లినక్స్‌లో కూడా, చార్ 0 నుంచి 255. సున్నా కన్నా తక్కువ అనేది అక్కడ ఎప్పటికీ జరగదు. అందుచేత తెలుగు బైట్లన్నీ పట్టిక దగ్గరికి పోకుండానే యథాతథంగా బయటికి వచ్చేస్తున్నాయి. అవి సరైన యూటీఎఫ్-8 (యూనికోడ్‌ని బైట్లుగా రాసే పద్ధతి) కాదు, అందుకే డబ్బాలు.

ఆయన తప్పు కూడా పెద్దది కాదు. సీ ప్రమాణం చార్‌కి గుర్తుండాలో వద్దో చెప్పదు, కంపైలర్ ఇష్టానికి వదిలేసింది. 2014లో ఆయన దగ్గరా ఇంటెలే, మన దగ్గరా ఇంటెలే.

పర్లాకిమిడి_పాతకాపు
ఓరి నాయనో. పదకొండేళ్ళు నా చేతిలోనే ఉంది ఆ లైను. క్లాంగ్ 16 ప్యాచ్ వేసినప్పుడు దాని పక్క లైనే దిద్దేను.

బరంపురం_పట్టు
సులువు. మేక్‌ఫైల్లో కంపైలర్ జెండాల్లో (ఫ్లాగుల్లో) చార్‌కి గుర్తు పెట్టమని ఒక్క ముక్క కలుపు. ప్యాచ్ అక్కర్లేదు. రివిజన్ పెంచు, పంపు, దండం పెట్టి వెళ్ళిపో.

ధర్మాబాద్_మిర్చి
జెండా వద్దు పట్టన్నా. అది పోర్టులనే ఉంటది, అప్‌స్ట్రీమ్‌కు పోదు. రేపు ఇంకొకడు డెబియన్ లినక్స్‌ల ప్యాకేజీ చేస్తే వానికీ గిదే బగ్గు. సోర్సుల అన్‌సైన్డ్ చార్ చేసి, ఆ 256 కలిపే లైను తీసి, ప్యాచ్ రాసినోళ్ళకు పంపాలె.

బరంపురం_పట్టు
రాసినాయన బతికున్నాడో లేదో తెలీదు. పైగా మెయింటైనరు సోర్సు దిద్దడం అంటే నాకు భయం. డెబియన్ వాళ్ళ సంగతే తీసుకో. 2006లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే గుప్తలిపి లైబ్రరీలో ఏదో హెచ్చరిక వస్తోందని ప్యాకేజీ వైపు నుంచి ఒక మార్పు చేశారు. ఆ దెబ్బకి గుప్తలిపి తాళంచెవులు పుట్టించే యాదృచ్ఛికత అంతా పోయి ప్రాసెస్ నంబరొక్కటే మిగిలింది. అంటే ఒక్కో రకానికి 32,768 తాళంచెవులే. 2008 మే దాకా ఎవరూ కనిపెట్టలేదు.

ధర్మాబాద్_మిర్చి
అది నేనూ చెప్తుంట. కానీ దాంట్లె నీతి ప్యాచ్ ఎయ్యొద్దని కాదు, అర్థం గాని లైను ముట్టొద్దని, ముట్టినది నీ గూట్ల దాచుకోవద్దని. రాత్రిపాళీ ఈ లైను అర్థం చేస్కున్నడు గద.

నా కథ చెప్త. డెబియన్ల నాదొక చిన్న ప్యాకేజీ ఉన్నది. నేను డెవలపర్‌ను గాదు, ప్రతి అప్‌లోడుకు నా తరఫున ఎక్కించే డెవలపర్, స్పాన్సర్ అంటరు, ఒకడు కావాలె. స్పాన్సర్లు చూసే మెంటర్స్ సైట్ల పెట్టి నాలుగు నెలలు ఎదురుసూసిన. నా దాంట్ల ఆరు ప్యాచ్‌లు ఉండేటియి. కొత్త వెర్షన్ వస్తె ఆరిట్ల నాలుగు అతకవు. ప్రతిసారి చేతితోని మళ్ళ కుట్టుడు. అప్పుడు బుద్ధొచ్చి అన్నీ అప్‌స్ట్రీమ్‌కు పంపిన. ఐదు తీస్కున్నడు. ఇప్పుడు ఒక్కటే మోస్తున్న. జీసీసీ కంపైలర్ 15 వచ్చి సీ23 (సీ భాష కొత్త ప్రమాణం) డిఫాల్ట్ చేసినప్పుడు, బూల్ అనే పేరు సొంతంగా పెట్టుకున్న ప్రోగ్రాములన్నీ పడిపోయినయి. నాది పడలే. ఎందుకంటే అప్‌స్ట్రీమే చూస్కున్నడు.

గుణుపురం_గార్డు
మిరప రేటెంత ఉందన్నా ఇప్పుడు?

ధర్మాబాద్_మిర్చి
నువ్వు వేరే టాపిక్ పెట్టు తమ్మీ.

పర్లాకిమిడి_పాతకాపు
అప్‌స్ట్రీమ్‌కి రెండు ఉత్తరాలు రాసేను ఇదివరకు. ఒకటి తిరిగొచ్చింది, రెండోది రాలేదు, అంటే చేరిందో ఏటో. ఫోర్క్ చెయ్యమంటారు కొందరు, అంటే సోర్సు కాపీ తీసి వేరేగా నడపమని. ఫోర్క్ చేస్తే నానే అప్‌స్ట్రీమ్, నానే మెయింటైనరు. ఒక బరువు దించుకుందామని వస్తే రెండో బరువా?

ఇంకో మాట. ఎవరో ఒకరు తీసుకుంటే వాళ్ళకి అన్నీ అప్పచెప్పీసి పోతాను. మేక్‌ఫైల్లో ఎందుకు ఏది పెట్టేనో వ్యాఖ్యలు కూడా రాసేను, ఓసారి చూడండి.

బరంపురం_పట్టు
చూశాను. "ఈ క్రింది ప్యాచ్ అనివార్యమగుటచే సంయోజితము" అట. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊళ్ళో కూచుని గ్రాంథికంలో మేక్‌ఫైలు రాస్తావా!

పర్లాకిమిడి_పాతకాపు
2014లో కుర్రతనం. వదిలీ.

బల్లార్షా_బొగ్గుబండి
నేను తీసుకుంట ఈ పోర్టు. నాదగ్గర ఆర్మ్ బోర్డు ఉన్నది, ఇంట్ల ఖాళీగ పడున్నది. సీ వస్తది. ఇప్పటిదాక పోర్టులు చెయ్యలే, నేర్చుకుంట. మీకు ఓకేనా?

బరంపురం_పట్టు
ఇదే మొదటి పోస్టు. ఎవరో తెలీదు. అలిసిపోయిన మెయింటైనరు దగ్గరికి "నేను మోస్తాను" అని వచ్చాడు. ఈ కథ నేనెక్కడో విన్నానే!

బల్లార్షా_బొగ్గుబండి
గట్ల అనుడేంది సార్? సాయం చేద్దామని వస్తె దొంగ లెక్క చూస్తరా?

రాయగడ_రాత్రిపాళీ
బొగ్గుబండి అన్నా, కోపం వద్దు. పట్టు అంటున్నది ఎక్స్‌జెడ్ సంగతి. అక్కడ ఒకడు 2021 నుంచి ప్యాచ్‌లు పంపుతూ మంచివాడనిపించుకున్నాడు. 2022లో వేరే పేర్లతో కొందరు "ఇంత ఆలస్యమా, కొత్త మెయింటైనర్‌ని పెట్టు" అని అలిసిపోయిన ఆ అసలాయన్ని సతాయించారు. చివరికి విడుదలలు ఆ కొత్తవాడి చేతికి వచ్చాయి. 5.6.0, 5.6.1 టార్‌బాళ్ళలో దొంగదారి పెట్టాడు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అని పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ రాసే ఆయన ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తవ్వి, 2024 మార్చి 29న బయటపెట్టాడు. అర సెకను! మనకైతే నెట్టు స్లోగా ఉందని ఊరుకుందుం.

సిరొంచ_గట్టు
నాకైతే అర సెకన్ల లాగిన్ అయితే పండుగ చేస్కుంట.

ధర్మాబాద్_మిర్చి
పట్టన్న మాట పూర్తిగ తప్పు గాదు గని, ఇక్కడ లెక్క వేరు. పోర్టు మెయింటైనర్‌కు చెట్టు మీద రాసే హక్కు ఉండది. పాతకాపన్నకు పదకొండేళ్ళాయె, ఆయనకు కూడ లేదు. ప్యాచ్ పంపితే కమిటర్ చదివి ఎక్కిస్తడు. సోర్సు ఏమో అప్‌స్ట్రీమ్‌ది, దాని చెక్‌సమ్ (ఎస్‌హెచ్‌ఏ256 లెక్క) పోర్టుల డిస్ట్‌ఇన్ఫో అనే ఫైల్ల రాసి ఉన్నది. ముప్పై లైన్ల మేక్‌ఫైల్ల ఏం దాస్తడు? అదే ఫోర్క్ చేసి అప్‌స్ట్రీమ్ తాళాలు కొత్తోనికి ఇస్తే, అప్పుడు నేను గూడ అనుమానపడుత.

బరంపురం_పట్టు
ఒప్పుకుంటున్నా. బొగ్గుబండీ, సారీ అన్నా. కానీ కొత్తవాళ్ళని ఒకసారి బెదిరించి చూడ్డం మా బరంపురం మర్యాద.

కొరాపుట్_కాఫీ
బొగ్గుబండి గారూ, మీరు తీసుకుంటే మా అబ్బాయి చేత పరీక్షకి ఫైళ్ళు పంపిస్తాను. ఈసారి ఒక లైను కన్నా ఎక్కువే రాయిస్తాను.

పర్లాకిమిడి_పాతకాపు
అయితే ఇలాగ చేద్దాం. అన్‌సైన్డ్ చార్ ప్యాచ్ రాత్రిపాళీ రాసేడు కాబట్టి దాని మీద ఆయన పేరే ఉండాలి. బొగ్గుబండి తన ఆర్మ్ బోర్డు మీద, రాత్రిపాళీ ఇంటెల్ మీద పూడ్రియేర్ నడిపి చూడాలి. రివిజన్ ఒకటి పెంచాలి, లేపోతే పాతది ఎక్కించుకున్నవాళ్ళకి కొత్తది పోదు, అక్క దుకాణంలో డబ్బాలు డబ్బాలుగానే ఉంటాయి. టికెట్ బొగ్గుబండి పెట్టాలి, మెయింటైనర్ మార్పు కూడా దాంట్లోనే. నాను సరే అని జెండా ఊపుతాను. ఇదే నా ఆఖరి జెండా.

పోర్టుల్లో తప్పులెంచీ పోర్ట్‌లింట్ సణుగుతాది బొగ్గుబండీ, సగం వినాలి, సగం వినక్కర్లేదు. ఏ సగమో ఏడాదికి తెలుస్తాది.

గుణుపురం_గార్డు
జెండా ఊపే పని మాది, మీరు చేసేస్తున్నారు.

బల్లార్షా_బొగ్గుబండి
టికెట్ పెట్టిన. మొదటిసారి ట్యాబుల జాగల స్పేసులు పడి మేక్‌ఫైలు తిట్టింది, దిద్దిన. డ్యూటీ దిగి వచ్చేసరికి ఆర్మ్ మీద బిల్డు అయిపోయింది. పాతకాపు సార్ గ్రాంథిక వ్యాఖ్యలు అట్లనే ఉంచిన, తీసెయ్య మనసొప్పలే.

రాయగడ_రాత్రిపాళీ
ఇంటెల్ మీద కూడా సరే. కరెంటు పోలేదు. రికార్డు.

పర్లాకిమిడి_పాతకాపు
తొమ్మిది రోజులకి కమిట్ అయింది. మెయింటైనర్ లైన్లో నా పేరు లేదు. పొద్దున్న అలవాటుగా మెయిలు తెరిచి చూసి మూసీసేను.

ఒక్క సంగతి చెప్పాలి బొగ్గుబండీ. అక్కలాగ క్వార్టర్లీ శాఖ (మూణ్ణెల్లకోసారి కొత్తగా కట్టీ పోర్టుల కాపీ) వాడీవాళ్ళకి, దాంట్లోకి తెచ్చి కలపమని టికెట్లో అడక్కపోతే వచ్చే జనవరో ఏప్రిలో దాకా పోదు. అడిగేవా?

బల్లార్షా_బొగ్గుబండి
అడగలే సార్. ఇప్పుడే అడుగుత.

కొరాపుట్_కాఫీ
వచ్చింది! నిన్న రాత్రి అప్‌డేట్ చేశాడు మా వాడు. 2004 నాటి కార్డు ఒకటి తీశాను, చక్కగా తెలుగు. అందరికీ పుణ్యముంటుంది.

ఒకటే తేడా. "ఱ" ఉన్నచోటల్లా "ట" వస్తోంది. ముందు ఇంటెల్ మీద కూడా ఇలాగే ఉండేదేమో, ఆ అక్షరం ఉన్న కార్డు ఇన్నాళ్ళూ తగల్లేదు. పెళ్ళికొడుకు ఇంటిపేర్లో ఉంది.

బల్లార్షా_బొగ్గుబండి
పట్టికల తప్పు పడి ఉంటది అక్కా. బగ్‌జిల్లాల టికెట్ పెట్టించండి, ఆ ఫైలు కూడ జోడించండి, ఫోన్ నంబర్లు తీసేసి. ఆదివారం చూస్త.